తొట్టి మలుపులో ఒక పార మంచు

సిల్వేర్ ట్రూకీ ముప్ఫై ఆరేళ్లు రోడ్డు పని చేశాడు. మా పెయిరగ్రో ఊరి నుంచి పైన సెర్ర కనుమ దాకా పద్నాలుగు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు అతనిది. కాగితాల్లో అది సర్కారు రోడ్డే. కానీ దాని మీద ఎవరైనా సిగరెట్ పీక పారేస్తే సొంత వాకిట్లో వేసినట్టు తిట్టేవాడు. వేసవిలో గుంతలు పూడ్చేవాడు, ఆకు రాలే కాలంలో చెస్ట్‌నట్ ఆకులు ఊడ్చేవాడు, చలికాలంలో తెల్లవారుజామునే లేచి మంచు తోసే బండి తీసేవాడు. భార్య లియొనీ బతికున్నప్పుడు, "ఈయన పెళ్లి చేసుకుంది నన్ను, కాపురం చేస్తున్నది రోడ్డుతో" అనేది. ఆమె పోయేసరికి కూతురు రోజీన్‌కి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి ఆ పిల్ల కూడా మంచు బండిలో తండ్రి పక్క సీట్లోనే పెరిగింది.

నా పేరు గస్పార్. ఊరికి రొట్టెలు కాల్చేది నేనే. అతని ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. నిజానికి అతని గురించి రాసే అర్హత నాకు లేదు. కానీ జరిగింది తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. అక్కడికి వచ్చినప్పుడు పక్కకు తప్పుకోకుండా చెబుతాను.

సిల్వేర్ రోడ్డును చేత్తో చదివేవాడు. బండి ఆపి, దిగి, మోకాలి మీద కూర్చుని, చేతి తొడుగు తీసి అరచెయ్యి తారు మీద పెట్టేవాడు. "ఇది పదింటికి కరుగుతుంది. పన్నెండింటికి నీడ పడగానే మళ్లీ గడ్డకడుతుంది" అని చెప్పి లేచేవాడు. అలాగే జరిగేది. తడిసిన తారుకీ, దాని మీద గాజుపొరలా పట్టిన గడ్డకీ తేడా మాకు కాలు జారితేనే తెలిసేది. అతనికి ఇరవై అడుగుల దూరం నుంచే తెలిసేది. అంత మంచి కళ్లు మా లోయలో ఇంకొకరికి లేవు. ఈ కళ్ల సంగతి గుర్తుంచుకోండి.

ఇంకో పని కూడా వచ్చు అతనికి. కొండ మీది తెల్లకర్రతో పారలకు పిడులు చేసేవాడు. ఊళ్లో ఎవరి పార పిడి విరిగినా అతని దగ్గరికే. కొత్త పిడి బిగించాక మేకు కాల్చి దాని మీద సొంతదారు పేరులోని మొదటి అక్షరాలు చెక్కేవాడు. "దొంగలున్న ఊరు మరి" అని నవ్వేవాడు. నా పార మీద కూడా ఉన్నాయి ఆ అక్షరాలు.

ఏటా జనవరిలో కార్ల పందెం, ర్యాలీ అంటారు, మా కనుమ మీదుగా మొనాకోకి పోయేది. సంవత్సరమంతా గొర్రెలూ పాలబండీ తప్ప ఏమీ నడవని రోడ్డు మీద ఒక్క రోజు స్వీడన్ వాళ్లు, ఇటలీ వాళ్లు, జర్మనీ వాళ్లు ప్రాణాలకు తెగించి కార్లు తోలేవాళ్లు. ఆ రోజు మాకు క్రిస్మస్ కంటే పెద్దది. ఊరికి దిగువన, పైకప్పు వేసిన, బట్టలుతికే రాతి తొట్టి ఉంది. దాని పక్కన రోడ్డు ఎడమకు గిర్రున తిరుగుతుంది. తొట్టి మలుపు అంటాం. ఇవతల కొండగట్టు, అవతల మోకాలెత్తు పిట్టగోడ, దాని కింద లోయలో చెస్ట్‌నట్ తోపు. మా ఊరివాళ్లం గట్టు మీద మంట వేసుకుని నిలబడేవాళ్లం. కాఫీ హోటల్ ఇర్మా పెద్ద కెటిల్‌లో దాల్చినచెక్క వేసి వేడి చేసిన వైన్ తెచ్చేది. చేతుల్లో పారలుండేవి.

పారలెందుకంటే, కనుమ పైన ఎంత మంచు ఉన్నా మా ఊరి దగ్గర తారు ఎండిపోయి ఉండేది. ఎండిన తారు మీద కార్లు సంతకు పోతున్నట్టు బుద్ధిగా పోతాయి. అందుకోసమా మేం చలిలో నిలబడింది? గట్టు మీది మంచు పారలతో ఎత్తి రోడ్డు మీద పోసేవాళ్లం. కారు మలుపు తిరగ్గానే తోక అటూ ఇటూ ఊపేది, మేం కేకలు వేసేవాళ్లం. పోలీసులు వచ్చి తిడితే పారలు వెనక్కి దాచి టోపీలు తీసి నమస్కారం పెట్టేవాళ్లం. వాళ్లు అటు పోగానే మళ్లీ మొదలు. వయసులో ఉన్నప్పుడు సిల్వేర్ కూడా పోశాడు. అది తప్పని మాలో ఎవరికీ అనిపించలేదు. మా తాతల నాటి ఆటలా ఉండేది.

ఒక్క సంగతి చెప్పాలి. ముందు వచ్చే ముప్ఫై కార్లే పెద్దవాళ్లవి. అవి పోగానే మేం ఇళ్లకు భోజనాలకు వెళ్లిపోయేవాళ్లం. ఆ వెనక ఎవరొస్తారో, ఏ వరసలో వస్తారో మాకు పట్టేది కాదు.

రోజీన్ ఇరవై రెండేళ్లకు నీస్‌లో మెకానిక్ పని చేసే ఎర్వేని పెళ్లి చేసుకుంది. వాడికి ర్యాలీ పిచ్చి. పాత కారొకటి కొని విప్పి బిగించి తనే తోలేవాడు. పక్కన నోటుపుస్తకం పట్టుకుని రోజీన్ కూర్చునేది. ర్యాలీలో తోలేవాడు కళ్లతో చూడడు, చెవులతో చూస్తాడు. పక్కన కూర్చున్నవాళ్లు ముందు వచ్చే ప్రతి మలుపూ చదివి చెప్పాలి, ఎడమో కుడో, ఎంత వేగం, రోడ్డు పొడిగా ఉందా, గడ్డకట్టిందా. ఆ చివరి మాట కోసమే ప్రతి కారుకీ ఒక మనిషి ఉంటాడు. రెండు గంటలు ముందుగా అదే రోడ్డంతా తిరిగి, ఎక్కడ ఏముందో పుస్తకంలో రంగు పెన్సిళ్లతో గుర్తులు పెట్టి తెచ్చి ఇస్తాడు. నీలం గీత అంటే గడ్డ, ఎర్రది అంటే మంచు, ఏ గీతా లేకపోతే పొడి. పెద్ద కంపెనీల కార్లకు ఆ పనికి పాత ఛాంపియన్లు ఉండేవాళ్లు. రోజీన్ కారుకి సిల్వేర్ ఉండేవాడు.

"ఆ ఛాంపియన్లు మన రోడ్డును ఏడాదికోసారి చూస్తారు. మా నాన్న దాని పక్కన పడుకుంటాడు" అనేది రోజీన్.

సిల్వేర్‌కి ఈ పనిలో ఒకటే నియమం. కూతురికి మొదటి రోజే చెప్పాడు. "పారలు పట్టుకుని జనం ఎక్కడ నిలబడితే అక్కడ కళ్లు మూసుకుని ఎర్ర గీత కొట్టేస్తాను. అప్పుడు మంచు లేకపోయినా సరే. రోడ్డు అబద్ధమాడదమ్మా. మనుషులే ఆడతారు." మూడేళ్లు ఆ నియమం తప్పలేదు. మూడేళ్లూ తొట్టి మలుపు దగ్గర రోజీన్ "మంచు" అని చదివేది, ఎర్వే కారు నెమ్మది చేసేవాడు. వాళ్లొచ్చేసరికి అక్కడ మేమూ ఉండేవాళ్లం కాదు, మంచూ ఉండేది కాదు.

నాలుగో ఏడు, ఎనభై మూడులో, ర్యాలీ ఆఖరి రోజుకి ముందు సాయంత్రం ఇర్మా హోటల్లో కూర్చున్నాం. రోజీన్ కూతురు మగాలికి అప్పుడు మూడేళ్లు. తాత ఒళ్లో కూర్చుని అతని వేళ్లకున్న కాయలు లెక్కపెడుతోంది. రోజీన్ వాళ్లు కింది పట్నంలో కారు దగ్గర ఉన్నారు. నియమం మార్చిన పాపం నాదే.

"ఏరా సిల్వేర్, మీ అల్లుడు మన ఊరి మలుపులో ముసలమ్మలా పోతాడటగా? పరువు పోతోంది" అన్నాను.

"మీ పారల పుణ్యమే. అక్కడ ఎర్ర గీత లేకుండా నేను రాయను."

"పారలు పెద్దవాళ్లకి రా. మన పిల్ల వచ్చేసరికి మలుపు అద్దంలా ఊడ్చి పెడతాం. వాళ్ల నెంబరు ఎనభై నాలుగేగా? ఎనభై దాటగానే చీపుర్లు తీస్తాం. ఈసారి భోజనానికి కూడా వెళ్లం. సరేనా?"

"నువ్వు ఊడుస్తావా? మీ ఆవిడ దుకాణం ఊడవమంటేనే నడుం నొప్పంటావు" అంది ఇర్మా. అందరూ నవ్వారు.

సిల్వేర్ మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి చూశాడు. "మాటేనా గస్పార్?"

"మాటే. ఆ మలుపు మీద మంచు రేణువు ఉంటే నా పేరు మార్చుకుంటాను."

పేరు మార్చుకోలేదు నేను. ఇప్పటికీ అదే పేరుతో బతుకుతున్నాను.

మర్నాడు పొద్దున సిల్వేర్ తన పాత కారులో రోడ్డంతా చూసుకుంటూ వచ్చాడు. మేం అప్పటికే గట్టు మీదున్నాం. తొట్టి మలుపు దగ్గర ఆగాడు. దిగి అరచెయ్యి ఆనించి చూశాడు. తారు ఎండి, గోరువెచ్చగా ఉంది. మా వైపు చూశాడు. నేను చీపురు పైకెత్తి చూపించాను. అతను నవ్వాడు. పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని కాసేపు ఆగి, ఏ గీతా కొట్టకుండానే మూసేశాడు. నేను కళ్లారా చూశాను.

అతను కనుమ దాటి, లోయ రోడ్డు మీదుగా చుట్టి, కార్లు బయల్దేరే చోటికి వెళ్లి కూతురికి పుస్తకం ఇచ్చాడు. అక్కడ రోజీన్ తండ్రి మెడ పట్టుకుని ఊపేసిందట. ముందు రోజు వాళ్లు ఎప్పుడూ లేనంత బాగా నడిపారు. ఆఖరి రోజు కార్లు తలుపు మీది నెంబర్ల వరసలో బయల్దేరవు, అప్పటిదాకా పట్టిన టైముల వరసలో బయల్దేరతాయి. తలుపు మీద ఎనభై నాలుగే ఉంది, కానీ వాళ్లు బయల్దేరింది ముప్ఫై ఎనిమిదో కారుగా. సిల్వేర్ ఆనందంతో కళ్లు తుడుచుకున్నాడు. అప్పటికి పైన రోడ్డు మూసేశారు. ఎవరూ ఎవరికీ కబురు చెప్పే వీలు లేదు. చెప్పాలని అతనికి తట్టనూ లేదు.

ఇక్కడ గట్టు మీద నా చేతిలో మొదటి రోజు పేపరు నుంచి కత్తిరించిన లిస్టు ఉంది. నెంబర్లు ఒకటి నుంచి తొంభై దాకా బుద్ధిగా వరసగా ఉన్నాయి. పెద్ద కార్లు పోయాయి. మేం ఆరుగురం పారలతో చెమటలు పట్టేలా పోశాం. ఆ తర్వాత ఇరవై తొమ్మిదో నెంబరు పోయింది, దాని వెనక అరవై మూడు వచ్చింది.

"ఇదేంటి, వరస తప్పింది?" అంది ఇర్మా.

"మధ్యలోవి చెడిపోయి ఉంటాయి. ఇంకా ఇరవై కార్లు రావాలి. ఇంకో గ్లాసు పొయ్యి" అన్నాను నేను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అరవై మూడు వెళ్తూ చెదరగొట్టిన చోట తారు కనిపిస్తోంది. దిగి, నా పార నిండా మంచు ఎత్తి, సరిగ్గా మలుపు మధ్యలో పోసి, చదును చేసి, గట్టెక్కాను.

ఒక్క నిమిషం గడిచిందో లేదో తెలియదు. కింద ఇంజను చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎర్వే ఆ ఇంజను మా బేకరీ వెనకాలే బిగించాడు. కారు నెమ్మది కాకుండానే మలుపులోకి వచ్చింది. తలుపు మీద ఎనభై నాలుగు. మంచు మీదికి ఎక్కగానే తిరగడం మానేసి తిన్నగా పోయింది. పెద్ద శబ్దం కూడా రాలేదు. పిట్టగోడకి ఒకసారి తగిలి, దాని మీదుగా తోపులోకి దిగిపోయింది.

ఎర్వేకి తుంటి ఎముకా, రెండు కాళ్లూ విరిగాయి. రోజీన్ పుస్తకం ఒళ్లో పట్టుకునే ఉంది. చెయ్యి వదలలేదు. మేం దిగి చేరేసరికే అంతా అయిపోయింది. ఎర్వే స్పృహలో ఉండి ఒకటే మాట పదే పదే అన్నాడు. "పొడి అని చదివింది. ఎడమ, పొడి, ఆపొద్దు అని చదివింది."

ఆ పిల్ల నోట వచ్చిన ఆఖరి మాటలు అవి.

నా పార ఎప్పుడు చెయ్యి జారిందో నాకు గుర్తులేదు. పోలీసు అధికారి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని మలుపులోని మంచు చూశాడు. లేచి మమ్మల్ని చూశాడు. "ఇది ఎవరు పోశారు?" అన్నాడు. తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం.

అప్పుడు సిల్వేర్ వచ్చాడు. బయల్దేరే చోటి నుంచి ఎవరో బండి మీద తెచ్చారు. కూతురిని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె చేతిలోంచి పుస్తకం తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. పైకి ఎక్కి మలుపు చూశాడు, మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. నా దగ్గర ఆగలేదు, అందరితో పాటే చూశాడు. పోలీసు అధికారి మళ్లీ అడిగాడు.

"ఎవరూ పోయలేదు. నేను వచ్చినప్పుడే ఉంది ఈ మంచు. తొట్టి పైకప్పు మీంచి జారి పడింది. నేనే గీత పెట్టలేదు. సరిగా చూడలేదు. ఈ మధ్య కళ్లు సరిగా ఆనట్లేదు" అన్నాడు సిల్వేర్.

అధికారి అతన్ని నమ్మాడని నేననుకోను. కానీ కన్నతండ్రి అలా చెబుతుంటే ఏం చేస్తాడు? రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను బేకరీ తలుపు తీసేసరికి గడప పక్కన గోడకి నా పార ఆనించి ఉంది. రేకు కడిగి, పిడి తుడిచి ఉంది. అక్షరాలున్న వైపు తలుపుకేసి తిప్పి ఉంది. అది తోపులో కారు పక్కనే పడి ఉంటుంది. పక్కింటికి వెళ్లి అతని కాళ్ల మీద పడాల్సింది. పారను తలుపు వెనక దాచి, పిండి కలపడానికి వెళ్లాను.

ఆ అబద్ధం అతని దగ్గర మిగిలినవన్నీ తీసుకుపోయింది. ముందు రోడ్డు పోయింది. కళ్లు ఆనని మనిషికి మంచు బండి ఇవ్వకూడదని పైవాళ్లు అన్నారు. మూడేళ్లు షెడ్డులో ఉప్పు బస్తాలకు కాపలా కూర్చుని రిటైరయ్యాడు. తర్వాత మగాలి దూరమైంది. ఎర్వే ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో బయటికి వచ్చి, పిల్లను తీసుకుని లియోన్‌లో అక్క దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు మామగారి గుమ్మం దగ్గర ఆగి, "అంత మంచు ఉన్నా రాయలేదన్నమాట. నా బిడ్డ మొహం మీరిక చూడరు" అన్నాడు. సిల్వేర్ తల ఊపాడు. ఆ మాటలు గోడ ఇవతల నుంచి విన్నాను. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పొయ్యిలో కట్టె పెట్టాను.

ఆఖరికి మంచి పేరు కూడా పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరి నోరు ఎంత మంచిదో చూడండి. మంచు పోసిన చేతులతోనే పేకముక్కలు పంచుకుంటూ, "పాపం సిల్వేర్, వయసైపోయాక ఆ పని ఒప్పుకోకుండా ఉండాల్సింది" అన్నారు. రెండేళ్లు పోయేసరికి అది నిజమని వాళ్లే నమ్మారు. నేను నమ్మలేదు, కాదనీ అనలేదు. రెండిట్లో ఏది నీచమో మీరే చెప్పండి.

రోడ్డు మీద మంచు పోయడం మాత్రం మా ఊళ్లో మళ్లీ ఎవరూ చేయలేదు.

రిటైరయ్యాక ప్రతి చలికాలం, ప్రతి పొద్దునా సిల్వేర్ బకెట్‌తో ఇసుక మోసుకెళ్లి తొట్టి మలుపులో చల్లేవాడు. గడ్డకట్టినా చల్లేవాడు, ఎండ కాసినా చల్లేవాడు. కొత్తగా వచ్చిన రోడ్డు మనిషి విసుక్కునేవాడు. "తాతా, పొడి రోడ్డు మీద ఇసుకెందుకు? మోటార్ సైకిళ్లు జారతాయి."

"పొడి అని నీకెవరు చెప్పారు?" అనేవాడు సిల్వేర్. ఆ కుర్రాడు నవ్వుకుని, అతను వెళ్లాక ఊడ్చేసేవాడు.

రెండువేల ఆరు నవంబరులో ఒక మధ్యాహ్నం సిల్వేర్ వంటింట్లో కూర్చుని ఇద్దరం చెస్ట్‌నట్‌లు ఒలుస్తున్నాం. అప్పటికి అతనికి ఎనభై. కిటికీలోంచి చూస్తూ, "లియోన్ నెంబరు కారు" అన్నాడు. కారు ఇంకా చర్చి దగ్గరే ఉంది. అందులోంచి దిగిన అమ్మాయి రోజీన్ నడకే నడుస్తూ వచ్చింది. గుమ్మంలో నిలబడి, "నేను మగాలిని" అంది.

అతను లేవబోయి లేవలేకపోయాడు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒలిచిన చెస్ట్‌నట్ ఒకటి ఆమె వైపు జరిపాడు. తినలేదు.

"నాన్న వేసవిలో పోయాడు. పోయే ముందు ఒకటే అడిగాడు. మంచు నిజంగా ఉందా, మీరు చూడలేదా అని. ఇన్నేళ్లూ మిమ్మల్ని తిట్టాడు గానీ, ఆఖర్లో ఆయనకే నమ్మకం కలగలేదు. మా మామగారు పొరపడరు అన్నాడు. నేను గొడవకి రాలేదు తాతయ్యా. నిజం తెలిస్తే చాలు."

తాతయ్యా అన్న మాటకు సిల్వేర్ చేతిలోని చెస్ట్‌నట్ కింద పెట్టాడు. నా వైపు చూశాడు. మామూలుగా చూశాడు, ఉప్పు అందుకోమన్నట్టు. నేను లేచాను. పొయ్యి దగ్గరికి వెళ్లి, మండుతున్న పొయ్యిలోనే ఇంకో కట్టె పెట్టాను. వీపు వాళ్ల వైపే ఉంచాను.

"కళ్లమ్మా. కళ్లు ఆనలేదు" అన్న మాట నా వెనక వినిపించింది.

"ఇందాక కిటికీలోంచి నన్ను చూస్తున్నారు. అంత దూరం నుంచి" అంది మగాలి.

అతను మళ్లీ చెస్ట్‌నట్ అందుకున్నాడు. ఆమె లేచింది. "ఎలా జరిగిందో చెబితే క్షమించగలననుకుని వచ్చాను. ఏం జరిగిందో తెలియకుండా దేన్ని క్షమించమంటారు?" అంది. ఏడుస్తూనే తాత నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లిపోయింది.

కారు చప్పుడు మలుపు దాటింది. ఆ తర్వాత ఇరవై మూడేళ్లలో మొదటిసారి అడిగాను. "ఎందుకురా చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

అతను చెస్ట్‌నట్ ఒలుస్తూనే మాట్లాడాడు.

"ఆ పొద్దున ఏం చెప్పాలో నాకు తోచలేదు. చెప్తే ఆరిళ్లలో మగాళ్లను తీసుకుపోయేవాళ్లు. రోజీన్ తిరిగి రాదు. పైగా గీత కొట్టకుండా మూసింది నా చెయ్యే. వరస మారిందని నాకు తెలుసు, మీకు తెలియదని తట్టలేదు. రోడ్డును నమ్మాల్సినవాణ్ణి మనిషి మాట నమ్మాను. అది నా తప్పే. అక్కడిదాకా నా లెక్క సరిగ్గానే ఉంది."

"మరి పార?"

"పార నీ గుమ్మంలో పెట్టాను కదరా. వస్తావనుకున్నాను. నేను చెప్తే అది నీ మీద చాడీ అవుతుంది. నువ్వు చెప్తేనే నిజం అవుతుంది. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అనుకుంటూ చూశాను. ఇందాక కూడా చూశాను."

ఒలిచినవాటిలో సగం గిన్నెలో పోసి, "మీ ఆవిడకి ఇవ్వు" అన్నాడు. నేను ఆ గిన్నె తీసుకుని ఇంటికి వచ్చాను. అంత జరిగాక కూడా మగాలికి ఉత్తరం రాయలేదు. రేపు రాద్దాం అనుకున్నాను. పిరికివాడికి రేపటికి కొదవ ఉండదు.

సిల్వేర్ మొన్న జనవరి పదిహేడున నిద్రలోనే పోయాడు. ఆ వారం మంచు విపరీతంగా పడింది. శ్మశానానికి దారి లేదు. పెట్టె మోసేవాళ్లు నడవడానికి ఎవరో ఒకరు దారి తవ్వాలి. ఆ పార తలుపు వెనక నుంచి ఇరవై అయిదేళ్ల తర్వాత బయటికి తీశాను. గేటు నుంచి రోజీన్ సమాధి దాకా, దాని పక్కన అతని కోసం తీసిన గుంట దాకా నేల కనపడేట్టు తోశాను. ఈ వయసులో ఎందుకు, గుండె ఆగుతుంది అన్నారు. ఆగలేదు.

ఇదంతా నీ కోసమే రాశాను మగాలీ. మీ తాతయ్య కళ్లలో ఏ లోపమూ లేదు. అతను వచ్చినప్పుడు తొట్టి మలుపు పొడిగానే ఉంది. నేను చీపురు ఎత్తి చూపించాను కాబట్టి మీ అమ్మకు పొడి అని రాశాడు. ఆ మంచు పోసింది నేను. మా ఆరుగురిలో చివరి పార నాదే. పోలీసులకు కూడా ఇదే రాసి పంపుతున్నాను, వాళ్లు ఈ ముసలివాణ్ణి ఏం చేసుకుంటారో వాళ్లిష్టం. నన్ను క్షమించమని అడగను. అతన్ని మాత్రం క్షమించడానికేమీ లేదని నీకు తెలియాలి.

పార మా తలుపు వెనక ఉంది. పిడి మీద అక్షరాలు అరగలేదు. వచ్చి చూసుకో.